శ్రీకాకుళంలో మొదటి కారు కొనేముందు ఏది చూడాలి, ఏది వదిలేయాలి

షోరూంలో మా అమ్మ మారుతి ఆల్టో వెనక సీట్లోకి ఎక్కబోయి తలుపు పట్టుకుని ఆగిపోయింది. ముందు తల వంచింది. తర్వాత ఒక కాలు లోపల పెట్టింది. మోకాలు వంగక మళ్లీ బయటికి తీసింది. "ఇదేట్రా, నూతిలోకి దిగినట్టుంది" అంది. మర్నాడు ఇంకో షోరూంలో టాటా పంచ్ వెనక తలుపు తీస్తే అది పూర్తిగా, గోడకి అడ్డంగా నిలబడ్డట్టు తెరుచుకుంది. అమ్మ వెనక్కి తిరిగి సీటు అంచు మీద కూర్చుంది, ఒక్కో కాలూ లోపలికి తీసుకుంది. ఎవరూ చెయ్యి అందించలేదు.

అప్పటికి మూడు వారాలుగా నేను కార్ల ధరలు, మైలేజీలు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల సంగతి ఆ నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. ఆ రోజు రాత్రి దాన్ని పక్కన పెట్టి కొత్త పేజీలో రెండు గళ్లు గీశాను. ఒకదాంట్లో నేర్చుకుంటే మారిపోయేవి. రెండోదాంట్లో ఎంత నేర్చుకున్నా మారనివి.

గేరు భయం, రివర్స్ చెయ్యడం, కారు వెడల్పు అంచనా రాకపోవడం మొదటి గడిలోకి వెళ్లాయి. ఇవన్నీ కొత్త డ్రైవర్‌ని చాలా టెన్షన్ పెడతాయి, కానీ రెండు మూడు నెలల్లో సర్దుకుంటాయి. కారు బాడీ ఎంత గట్టిది, సీటు ఎంత ఎత్తు, మన వీధి ఎంత వెడల్పు, సర్వీస్ సెంటర్ ఎంత దూరం, నెలకి వాయిదా ఎంత, ఇవి రెండో గడి. కొత్తగా నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది మొదటి గడి చూసి కారు కొంటారు. భయం పోయాక, పొరపాటు అర్థమయ్యేసరికి ఏడాది గడుస్తుంది. ఈ మాట చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు దారులు రాసుకోండి

మా ఇల్లు శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే వైపు ఒక సందులో. నాతోపాటు మా ఆవిడా కొత్తగా నేర్చుకుంది. పిల్లలిద్దరు, అమ్మ. ఒక నెల రోజులు ఎక్కడికి వెళ్లామో రాసి చూస్తే, రోజూ స్కూలు, వారానికోసారి మార్కెట్, అప్పుడప్పుడు శ్రీకూర్మం, రెండు నెలలకోసారి పాలకొండలో అత్తవారిల్లు. వీటన్నిటికీ ఏ చిన్న కారైనా సరిపోతుంది. నెలకోసారి అమ్మని వైజాగ్ హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. పోను వంద కిలోమీటర్ల పైనే, అంతా పదహారో నంబర్ హైవే మీద. నరసన్నపేట నుంచి ఆనందపురం దాకా ఇప్పుడు ఆరు వరుసలు. లారీలు, బస్సులు మన పక్క నుంచే వంద స్పీడులో వెళ్తాయి. మా ఎంపిక మొత్తాన్ని మార్చింది ఈ ఒక్క ప్రయాణమే.

విజయనగరంలో ఉన్నవాళ్లకి లెక్క కొంచెం వేరు. వైజాగ్ అరవై కిలోమీటర్లే కాబట్టి ఇంకా తరచుగా వెళ్తారు. ఎస్.కోట మీదుగా అరకు, సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లే అలవాటుంటే ఘాట్ కూడా లెక్కలోకి రావాలి. ఐదుగురు కూర్చుని సామాను పెడితే 1.0 లీటర్ ఇంజిన్ ఘాట్ మీద రొప్పుతుంది, రెండో గేరులోంచి పైకి రానివ్వదు. 1.2 ఇంజిన్ ఉంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. అలాగని ఏడాదికి ఒక్కసారి అరకు వెళ్లడం కోసం పెద్ద ఇంజిన్ కొనక్కర్లేదు, ఏసీ ఆపి నెమ్మదిగా ఎక్కేయొచ్చు.

పల్లెల్లోకి ఎక్కువగా వెళ్లేవాళ్లు ఇంకోటి చూడాలి. కోతల కాలంలో మన రోడ్ల మీద సగం దూరం ధాన్యం ఆరబోసి ఉంటుంది. చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే కారుని మట్టిలోకి దించక తప్పదు. అప్పుడు నేలకీ కారు అడుగుకీ మధ్య ఉన్న ఎత్తు పనికొస్తుంది. మారుతి వాగన్ఆర్‌కి 165 మిల్లీమీటర్లు, టాటా టియాగోకి 170, హ్యుందాయ్ ఎక్స్‌టర్‌కి 185, పంచ్‌కి 187. ఇరవై మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఐదుగురు కూర్చున్నాక కారు కిందికి దిగుతుంది, ఊళ్లో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ మీద అడుగు గీరుకున్నప్పుడు ఆ ఇరవై విలువ తెలుస్తుంది.

కార్లు ఒక్కొక్కటిగా

ఆల్టో కె10 అన్నిటికంటే చవక, అన్నిటికంటే సన్నం. వెడల్పు 1490 మిల్లీమీటర్లు, నాలుగున్నర మీటర్ల రేడియస్‌లో తిరిగిపోతుంది. సందుల్లో దీన్ని మించింది లేదు. భార్యాభర్తలు, ఒక చిన్న పిల్ల, ఊళ్లోనే తిరుగుడు అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. డిక్కీ 214 లీటర్లు, అంటే ఒక పెద్ద సూట్‌కేసు, ఒక సంచి. పెద్దవాళ్లున్న ఇంటికి నేను చెప్పను. రెనో క్విడ్ నేల నుంచి బాగా ఎత్తు, డిక్కీ కూడా దీనికంటే పెద్దది. కాకపోతే కొనేముందు ఆ కంపెనీ సర్వీస్ మీ ఊరికి ఎంత దూరమో తెలుసుకోండి.

వాగన్ఆర్ ఎందుకు మన వైపు ఇంతమంది కొంటారో లోపల కూర్చుంటే తెలుస్తుంది. సీటు కుర్చీ ఎత్తులో ఉంటుంది. పంచె కట్టుకున్న తాతగారైనా, చీర కట్టుకున్న అమ్మమ్మైనా ఇబ్బంది లేకుండా ఎక్కుతారు. బానెట్ అంచు కొంత కనిపిస్తుంది కాబట్టి కొత్త డ్రైవర్‌కి ముందు ఎంత జాగా ఉందో అంచనా దొరుకుతుంది. అద్దాలు పెద్దవి. డిక్కీ 341 లీటర్లు. 1.0, 1.2 రెండు ఇంజిన్లూ ఉన్నాయి. స్పేర్ పార్టులు దొరకని ఊరు లేదు, చెయ్యి వెయ్యలేని మెకానిక్ లేడు. ఊళ్లో వాడుకే అయితే నా మొదటి మాట ఇదే.

దీని లోటు కూడా చెప్పాలి. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లని గుద్దించి చూసే క్రాష్ టెస్టులో వాగన్ఆర్‌కి పెద్దల రక్షణలో ఐదింటికి ఒక స్టార్, పిల్లల రక్షణలో సున్నా వచ్చాయి. అదే ఏడాది ఆల్టో కె10కి రెండు, సున్నా. అప్పుడు వాటిలో రెండేసి ఎయిర్‌బ్యాగులే ఉండేవి. 2025 నుంచి ఈ రెండిట్లోనూ అన్ని వేరియంట్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు, అది మంచి మార్పే. కానీ ఎయిర్‌బ్యాగులు ఎన్ని పెట్టినా ఆ టెస్టులో వాగన్ఆర్ బాడీ బలం తక్కువని తేలిన మాట నా మనసులోంచి పోలేదు.

టియాగో మధ్యస్థం. 2020లో, అప్పటి పాత పద్ధతిలో చేసిన టెస్టులో నాలుగు స్టార్లు తెచ్చుకుంది. తలుపు వేస్తే ఆ బరువు చేతికి తెలుస్తుంది. హైవే మీద నిలకడగా వెళ్తుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కొంచెం వణుకుతుంది, అది అలవాటైపోతుంది. సీటు కిందికి ఉంటుంది, డిక్కీ 242 లీటర్లు. పెద్దవాళ్లు లేని ఇంట్లో, హైవే ప్రయాణాలు ఎక్కువగా ఉండి, బడ్జెట్ గట్టిగా ఉంటే వాగన్ఆర్ కంటే దీన్నే తీసుకోమంటాను.

పంచ్, ఎక్స్‌టర్ రెండూ ఒక మెట్టు పైన. పంచ్‌కి 2021లో పెద్దల రక్షణలో ఐదు స్టార్లు వచ్చాయి, డిక్కీ 366 లీటర్లు. ఎక్స్‌టర్‌లో నాలుగు సిలిండర్ల ఇంజిన్ చాలా మెత్తగా నడుస్తుంది, క్లచ్ తేలిక, డిక్కీ 391 లీటర్లు, 2023లో వచ్చినప్పటి నుంచే అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు. నడపడానికి నాకు ఎక్స్‌టరే హాయిగా అనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి. స్విఫ్ట్ గురించి అందరూ అడుగుతారు. మంచి కారు, నడిపేవాడికి సరదాగా ఉంటుంది. వెనక కూర్చున్న పెద్దవాళ్లకి సీటు కింద, కిటికీ చిన్నది.

మేం పంచ్ తీసుకున్నాం, కింది నుంచి రెండో వేరియంట్. అదే డబ్బుకి టియాగో టాప్ మోడల్ వచ్చేది, పెద్ద స్క్రీన్, అల్లాయ్ చక్రాలతో. స్క్రీన్ తర్వాత పెట్టించుకోవచ్చు, సీటు కవర్లు తర్వాత వేయించుకోవచ్చు. బాడీ, సీటు ఎత్తు తర్వాత ఎక్కడా కొనలేం.

టేపు పట్టుకుని వీధి కొలవండి

పంచ్‌తో మాకు వచ్చిన భయం వెడల్పు. 1742 మిల్లీమీటర్లు, అంటే ఆల్టో కంటే ఒక జానెడు పైనే ఎక్కువ. మా సందు మొదట్లో కరెంటు స్తంభానికీ ఎదురింటి అరుగుకీ మధ్య టేపు పెడితే ఏడున్నర అడుగులు వచ్చింది. అద్దాలు మడిస్తే రెండు వైపులా ముప్పావు అడుగు పైన మిగులుతుంది. టెస్ట్ డ్రైవ్‌కి వచ్చిన కారుని మా ఆవిడే ఆ సందులోకి తిప్పింది. మొదటిసారి స్తంభం దగ్గర ఆపేసి, చేతులు స్టీరింగ్ మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా వల్ల కాదండీ" అంది. ఆ క్షణంలో వాగన్ఆర్ కొనేద్దామనే అనుకున్నాను.

వద్దని ఆపింది ఆ రెండు గళ్ల పేజీ. వెడల్పు అంచనా మొదటి గడిలోది. కారు వచ్చాక డ్రైవింగ్ స్కూల్ వాళ్లనే మా కారులో, మా సందులో రెండు వారాలు నేర్పమన్నాం. స్తంభానికి మోకాలి ఎత్తులో తెల్ల సున్నం గీత గీసుకున్నాం. ఎడమ అద్దంలో ఆ గీత తలుపు పిడి దగ్గరకి వచ్చినప్పుడు స్టీరింగ్ తిప్పాలి, అంతే లెక్క. ఇప్పుడు ఆవిడ చీకటి పడ్డాక కూడా తిప్పేస్తుంది.

కొలిస్తే ఆరున్నర అడుగులే వచ్చిందనుకోండి, అది రెండో గడి. అప్పుడు ఆల్టో, వాగన్ఆర్ తప్ప వేరే మాట లేదు. రాత్రి కారు ఎక్కడ పెడతారో కూడా అప్పుడే తేల్చుకోవాలి. వీధి చివర చెట్టు కింద పెడదామనుకునేవాళ్లు తుఫాను రోజులు గుర్తు తెచ్చుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం వైపు జీడి, కొబ్బరి చెట్లే నిలవలేదు.

గేర్లా, ఆటోమేటికా

గేర్లంటే భయమని ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే కారు) కొనేవాళ్లకి నా సలహా, ఒక్క నెల ఆగండి. క్లచ్ భయం మొదటి గడిలోది. ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం పూట నాలుగైదుసార్లు బండి ఆఫ్ అవుతుంది, వెనక ఆటోవాళ్లు హారన్ కొడతారు, తర్వాత కాలే నేర్చుకుంటుంది. ఏఎంటీకి సుమారు అర లక్ష ఎక్కువ పెట్టాలి. ఎడమ మోకాలికి నొప్పి ఉన్నవాళ్లకి, రోజూ వైజాగ్ ట్రాఫిక్‌లోకి వెళ్లేవాళ్లకి ఆ డబ్బు వృథా కాదు, సంతోషంగా పెట్టండి. లోపల క్లచ్ ఉంటుందని మాత్రం మరచిపోవద్దు. ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తో కారుని ఆపి ఉంచితే ఆ క్లచ్ అరిగిపోతుంది.

పెట్రోలు, గ్యాసు, కరెంటు

మైలేజీ గురించి ఇళ్లలో జరిగే చర్చలో సగం అనవసరం. నెలకి 600 కిలోమీటర్లు తిరుగుతారనుకోండి, లీటరు 110 రూపాయలనుకోండి. 18 ఇచ్చే కారుకి 3,670 రూపాయలు, 21 ఇచ్చే కారుకి 3,140. తేడా ఐదొందలు. దానికోసం గట్టి కారు వదులుకోవద్దు. నెలకి 1500 దాటి తిరిగేవాళ్లకి సీఎన్‌జీ గిట్టుబాటు, బంకు మీ రోజువారీ దారిలోనే ఉంటే. దానికోసం పక్క ఊరు వెళ్లి లైన్లో నిలబడాల్సివస్తే మిగిలింది అక్కడే పోతుంది. సిలిండరు డిక్కీని మింగేస్తుంది కూడా. టాటా కార్లలో రెండు చిన్న సిలిండర్లు కింద పెట్టి కొంత జాగా మిగులుస్తారు. ఎలక్ట్రిక్ కారు సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్ ఉన్నవాళ్లకి ఊళ్లో బాగుంటుంది. మాలాగా వైజాగ్ వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లకి టియాగో ఈవీ లాంటి చిన్న బ్యాటరీ కారు ఒక్క చార్జింగ్‌తో చాలదు.

సెకండ్ హ్యాండ్ అయితే

నేర్చుకునేవాడికి పాత కారే మేలు, గీతలు పడినా బాధ ఉండదు అని మా బావ మొదట్నుంచీ అన్నాడు. ఆ మాటలో నిజముంది. మూడు లక్షల లోపు బడ్జెట్ అయితే పాత వాగన్ఆర్, ఐ10 చూడటమే తెలివైన పని. మేమూ ఒకటి చూశాం. తళతళలాడుతోంది, కిలోమీటర్లు తక్కువ, ధర తక్కువ. మాతో వచ్చిన మెకానిక్ ఇంజిన్ వైపు చూడకుండా ముందు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. బయటికి కనిపించే భాగం నల్లగా శుభ్రంగా ఉంది. రీలు లోపలి నుంచి వచ్చిన ఆఖరి మూరెడు మీద బూడిద రంగు గీత, గీత కింద ఎండిన సన్నటి బురద. తర్వాత స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు రాశాడు, వేలికి ఇసుక అంటింది. వరదలో మునిగిన కారు. అమ్మే అతను చివరిదాకా ఒప్పుకోలేదు. నాగావళి, వంశధార పొంగే జిల్లాలో, తీరం వెంబడి తుఫాన్లు తిరిగే జిల్లాలో ఈ పరీక్ష చెయ్యకుండా పాత కారుకి అడ్వాన్సు ఇవ్వకండి. సముద్రం దగ్గరి ఊళ్ల కార్లకి తలుపు అడుగు అంచులు, సైలెన్సర్ తుప్పు కూడా చూడాలి.

నంబరు ఏపీ 30 అయితే శ్రీకాకుళం, 35 అయితే విజయనగరం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఆ తర్వాతి కారు ఏ జిల్లాదో ఆర్‌సీ చూస్తేనే తెలుస్తుంది. ఒడిశా దగ్గర కాబట్టి అక్కడి కార్లు చవకగా వస్తుంటాయి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలిపాక చవక మిగులుతుందేమో లెక్క వేసుకోండి. ఏ కారైనా బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, పాత లోన్ తీరినట్టు బ్యాంకు కాగితం, కట్టని చలాన్ల లెక్క చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. బండి పేరు మారినా ఇన్సూరెన్స్‌లో పేరు దానంతటది మారదు, అది విడిగా మార్పించుకోవాలి.

డబ్బు లెక్క

నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28, పైన సెస్సు. పైన చెప్పిన కొత్త పెట్రోలు కార్లన్నీ ఈ లెక్కలోకే వస్తాయి, కాబట్టి పాత ధరలు గుర్తుపెట్టుకుని బేరం ఆడకండి.

షోరూం వాళ్లు ఆన్‌రోడ్ అని ఒక్క అంకె చెప్తే ఒప్పుకోకుండా ప్రతి వరుసా కాగితం మీద రాయించుకోండి. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి, తప్పనిసరి. 2022లో ప్రకటించిన రేట్లలో వెయ్యి సీసీ లోపు కార్లకి 6,521 రూపాయలు, వెయ్యి నుంచి 1500 సీసీ వరకు 10,640. ఈ భాగం ఎక్కడ కట్టినా ఒకటే, మిగతా భాగంలోనే బేరం. బయట రెండు చోట్ల అడిగి ఆ రేటు షోరూంలో చూపిస్తే తగ్గిస్తారు. కొత్త డ్రైవర్‌కి, పార్టుల అరుగుదల పేరుతో కోత వెయ్యకుండా డబ్బిచ్చే బంపర్ టు బంపర్ పాలసీ మొదటి రెండేళ్లు తప్పకుండా ఉండాలి. మన వైపు వర్షాలకి ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్తే వర్తించే ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా కలపండి. కార్పెట్, పెర్‌ఫ్యూమ్, బాడీ కోటింగ్ అంటూ కలిపే యాక్సెసరీలు తీసేయించండి.

వాయిదాల్లో ఐదేళ్లు, ఏడేళ్లు అని రెండు చెప్తారు. ఐదు లక్షలకి తొమ్మిది శాతం వడ్డీ అయితే ఐదేళ్లకి నెలకి సుమారు 10,380, ఏడేళ్లకి 8,045. రెండువేలు తక్కువ కదా అనిపిస్తుంది, మొత్తం మీద 53 వేలు ఎక్కువ కడతారు. 10,380 మీ ఇంటికి బరువనిపిస్తే లోన్ కాలం పెంచకుండా కారు ఒక మెట్టు తగ్గించుకోండి. ఈ విషయంలో మాత్రం ఐదు స్టార్ల కారు కూడా నేను వద్దనే అంటాను.

డెలివరీ రోజు

ముందు రోజు పగటి వెలుగులో ఒకసారి వెళ్లి కారు చూడండి. తయారైన నెల, మీటరులో కిలోమీటర్లు, స్టెప్నీ, జాకీ, నాలుగు తలుపుల రంగు. ఛాసిస్ నంబరు కాగితంలోదీ కారు మీదదీ ఒకటేనా అని అంకె అంకె సరిచూడండి.

పూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దండ వేసి, చుట్టూ అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడతారు. ఎదురుగా పిల్లలు, పక్కన అమ్మ. ఆ గుంపు మధ్య, ముట్టుకోని కొత్త పెడల్ మీద, మొదటి అడుగు కొత్త డ్రైవర్ వెయ్యకూడదు. మా ఆవిడకి ఎంత ఆశ ఉన్నా ఆరోజు మా బావమరిది చేతే తొక్కించాం. అందరినీ కారు పక్కకి జరిపాకే స్టార్ట్ చెయ్యమన్నాం. అరసవల్లి దాకా అతనే నడిపాడు. మర్నాడు తెల్లవారి ఐదున్నరకి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ముందూ వెనకా ఎర్ర ఎల్ స్టిక్కర్ అంటించి మా ఆవిడ తాళం తీసుకుంది. అమ్మ అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఉంది.